ఫోటోలు దిద్దే కంప్యూటరుకు ముందు తెర చూడండి

పదో తరగతి గట్టెక్కితే కంప్యూటరు కొనిపెడతామని ఇంట్లో మాట ఇచ్చారనుకోండి. మీకేమో ఫోటోల పిచ్చి. మావయ్య వాడి వదిలేసిన కెమేరా ఒకటి మీ చేతికి వచ్చింది. నీడలో చీకటైపోయిన ముఖాన్ని కాస్త వెలిగించాలి, ఒరిగిపోయినట్టు వచ్చిన గాలిగోపురాన్ని నిటారుగా నిలబెట్టాలి, అమ్మమ్మ పెళ్ళి ఫోటో మీది పసుపు మరకలు పోగొట్టాలి. సరే, మీరూ నాన్నగారూ కలిసి షాపుకు వెళ్ళారు. అక్కడి కుర్రవాడు అడిగే మొదటి ప్రశ్న, "ప్రాసెసరు ఏది వెయ్యమంటారు?" రెండో ప్రశ్న, "గ్రాఫిక్సు కార్డు ఎన్ని జీబీ?" తెర సంగతి ఆఖరున, బిల్లు రాసేటప్పుడు వస్తుంది. "మానిటరు ఏదో ఒకటి, చవకలో ఇదుగో" అంటాడు.

ఈ వరస తలకిందులుగా ఉందని నా అభిప్రాయం. ఫోటోలు దిద్దడానికి కొనే కంప్యూటరులో మొట్టమొదట ఎంచుకోవలసింది మానిటరు. ఖర్చుపెట్టే ప్రతి రూపాయిలోనూ కనీసం పావలా దానికి తియ్యాలంటాను. ఆ తర్వాత ర్యామ్, ఆ తర్వాత ఫోటోలు దాచుకునే డిస్కు, ఆ తర్వాతే ప్రాసెసరు. గ్రాఫిక్సు కార్డు మీలో చాలామందికి అక్కరలేదు.

ఎందుకో చూద్దాం. కంప్యూటరులో ఫోటో అంటే అంకెల పట్టిక. ఫోటో దిద్దడమంటే ఆ అంకెలు మార్చడం. ఏ అంకెను ఎంత మార్చాలో తేల్చేది మీ కన్ను. కంటికి కబురు తెచ్చేది తెర. ఆ కబురే తప్పైతే? మీ బడి ప్రయోగశాలలో ఒక ఉష్ణమాపకం ఎప్పుడూ మూడు డిగ్రీలు ఎక్కువ చూపిస్తోందనుకోండి. దానితో మీరెంత చకచకా రీడింగులు తీసినా ఏం లాభం? అన్నీ తప్పే. తెర కాస్త నీలంగా చూపిస్తోందనుకోండి. ఫోటో నీలంగా ఉందని మీరు భ్రమపడి దానికి పసుపు కలుపుతారు. తీరా స్టూడియోలో ప్రింటు తీయిస్తే ఇంటిల్లిపాదీ నలుగు పెట్టుకున్నట్టు వస్తారు. పెళ్ళికూతురికి తప్ప అది ఎవరికీ బాగుండదు! కంప్యూటరు ఎంత వేగమైనదైతే అలాంటి ఫోటోలు అంత త్వరగా తయారవుతాయి, అంతే.

తెర రంగులను ఎలా తయారుచేస్తుందో మీకు తెలుసా? వెలుగుతున్న తెర మీద తెల్లగా ఉన్నచోట మంచి భూతద్దం పెట్టి చూడండి. తెలుపు ఎక్కడా కనిపించదు! ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల సన్నని గీతలు వరసలుగా కనిపిస్తాయి. ఈ మూడింటిని తగుపాళ్ళలో కలిపి మిగతా రంగులు చూపించవచ్చని 1861లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ చేసి చూపించాడు. ఒక రంగుల రిబ్బనును మూడు రంగుల వడపోతల గుండా మూడుసార్లు ఫోటో తీయించి, ఆ మూడు బొమ్మలను తెర మీద ఒకదానిపై ఒకటి పడేటట్టు వేశాడు. విద్యుదయస్కాంత సమీకరణాల మాక్స్‌వెల్ ఈయనే. మన మానిటర్లు నేటికీ నడిచేది ఆ కిటుకు మీదే.

ఒక్కొక్క రంగుకూ సాధారణంగా 256 మెట్లు ఉంటాయి. 256ను మూడుసార్లు వేసి గుణించండి. 1,67,77,216 రంగులు! మానిటరు పెట్టె మీద "1 కోటి 67 లక్షల రంగులు" అన్న అర్థంలో రాసేది ఇదే. అయితే కొన్ని చవక మానిటర్లలో రంగుకు 64 మెట్లే ఉంటాయి. అప్పుడు వచ్చేవి 2,62,144 రంగులు. మిగిలినవాటిని అటూ ఇటూ రెండు మెట్ల మధ్య గబగబా మారుస్తూ ఉన్నట్టు భ్రమ కలిగిస్తారు. ఆటలకూ సినిమాలకూ ఇది చాలు. సంధ్యవేళ ఆకాశాన్ని దిద్దుతుంటే మాత్రం, నున్నగా మారవలసిన నారింజ రంగు మెట్లుమెట్లుగా కనిపించవచ్చు. అది ఫోటోలో ఉన్న దోషమా, తెర దోషమా? మీకు తెలిసే దారి లేదు. అదీ ఇబ్బంది.

మెట్లు ఎన్ని అన్నది ఒక ప్రశ్న. మెట్లదారి ఎంత దూరం పోతుందన్నది ఇంకో ప్రశ్న. తెర చూపించగల అతి చిక్కని ఎరుపు ఎంత చిక్కన? ఆకుపచ్చ ఎంత పచ్చన? ఇందుకు 1996లో హ్యూలెట్ ప్యాకార్డ్, మైక్రోసాఫ్ట్ కంపెనీలు కలిసి ఎస్.ఆర్.జి.బి. అనే కొలమానం ఏర్పరిచాయి. ఫోన్లూ, వెబ్‌సైట్లూ, ఫోటో ల్యాబులూ ఎక్కువగా దీన్నే లెక్కలోకి తీసుకుంటాయి. మానిటరు వివరాల కాగితంలో "ఎస్.ఆర్.జి.బి. 99 శాతం" అనో "100 శాతం" అనో ఉంటే మనకు కావలసినది దొరికినట్టే. కొన్నిచోట్ల "45 శాతం ఎన్.టి.ఎస్.సి." అని ఉంటుంది. ఇది 1953 నాటి అమెరికా టీవీ కొలమానం. ఆ కొలతలో ఎస్.ఆర్.జి.బి. సుమారు 72 శాతం. 45ను 72తో భాగించండి. 0.625. అంటే రావలసిన రంగుల మేరలో మూడోవంతుకు పైగా ఆ తెర మీదకు రానేరాదు. చిన్న భాగాహారమే కానీ షాపులో దీన్ని చేసేవాళ్ళు ఎంతమంది?

ఇంకొకటి చూసే కోణం. టి.ఎన్. రకం తెరను పైనుంచి చూస్తే ఒక రంగు, కిందనుంచి చూస్తే ఇంకొక రంగు. మీరు కుర్చీలో కొంచెం జారి కూర్చుంటే చాలు, ఫోటో వెలుగు మారిపోతుంది. ఐ.పి.ఎస్. రకంలో ఈ బాధ బాగా తక్కువ. ఫోటోల పనికి ఐ.పి.ఎస్. అడగండి. 24 అంగుళాలు ధారాళంగా సరిపోతుంది.

మంచి తెర కొన్నా దాన్ని చెడగొట్టుకునే మార్గాలు మన ఇళ్ళలోనే ఉన్నాయి. షాపులో మానిటర్లను పక్కదానికంటే జిగేలుమనాలని పూర్తి వెలుగులో పెడతారు. ఇంటికి తెచ్చాక అలాగే ఉంచి రాత్రిపూట దిద్దితే ఫోటో ఎంతో ప్రకాశంగా కనిపిస్తుంది. మీరు దాన్ని తగ్గిస్తారు. ప్రింటు నల్లగా వస్తుంది. ప్రింట్ల పని చేసేవారు తెర వెలుగును సాధారణంగా చదరపు మీటరుకు 80 నుంచి 120 కాండెలాల మధ్య ఉంచుకుంటారు. దాన్ని కొలిచే పరికరం మన దగ్గర లేకపోతే, ఒక తెల్ల కాగితాన్ని గది వెలుతురులో తెర పక్కన పట్టుకుని, తెర మీది తెలుపు ఆ కాగితానికి దగ్గరగా కనిపించేదాకా తగ్గించుకోవడం నయం. కచ్చితం కాదు కానీ ఏమీ చెయ్యకపోవడంకంటే ఎంతో మేలు. ఇక గోడలు! మన ఇళ్ళకు గులాబీ, చిలకపచ్చ రంగులంటే ప్రీతి. ఆ గోడ మీద పడి తిరిగివచ్చే వెలుతురు కూడా తెర మీద పడుతుంది, మీ కన్నూ దానికే అలవాటు పడుతుంది. చిలకపచ్చ గదిలో కూర్చుని ముఖం రంగు దిద్దడమంటే పచ్చ కళ్ళద్దాలు పెట్టుకుని చీర రంగు ఎంచడమే. ఈమధ్య కంప్యూటరు పెట్టెలో ఎరుపు, ఊదా దీపాలు తిరునాళ్ళలో లాగా వెలిగే బాపతు వస్తున్నాయి. ముచ్చటగానే ఉంటాయి. ఫోటోలు దిద్దేటప్పుడు మాత్రం వాటిని ఆర్పెయ్యండి.

ఇప్పుడు ర్యామ్ సంగతి. ఇది పూర్తిగా లెక్కల వ్యవహారం, కాబట్టి ఎవరి మాటా నమ్మనక్కరలేదు. కాగితం, పెన్సిలు తీసుకోండి. 24 మెగాపిక్సెళ్ళ కెమేరా ఫోటోలో అడ్డంగా 6000, నిలువుగా 4000 చుక్కలు. మొత్తం 2 కోట్ల 40 లక్షలు. ఒక్కొక్క చుక్కకు మూడు రంగుల అంకెలు, అంటే 7 కోట్ల 20 లక్షల అంకెలు. శ్రద్ధగా దిద్దేవారు అంకెకు రెండు బైట్లు కేటాయిస్తారు. మంచి కెమేరాలు రంగుకు 16,384 మెట్లు కొలుస్తాయి, అవి ఒక్క బైటులో పట్టవు మరి. అంటే 14 కోట్ల 40 లక్షల బైట్లు, 144 మెగాబైట్లు. డిస్కు మీద కుదించి దాచినప్పుడు ఇదే ఫోటో పది మెగాబైట్లే ఉండవచ్చు. తెరిచి పని మొదలుపెట్టగానే పూర్తిగా విప్పుకుంటుంది. దాని మీద పది పొరలు వేశారనుకోండి, అన్నీ నిండు పొరలే అయితే 1,440 మెగాబైట్లు. మీరు చేసిన ప్రతి మార్పునూ వెనక్కి తీసుకునే వీలుండాలి కదా, అందుకు ఇంకొంత. విండోస్‌కూ, పక్కన తెరిచి ఉంచిన బ్రౌజరుకూ కలిపి నాలుగైదు వేల మెగాబైట్లు. 8 జీబీ ర్యామ్ నిండిపోతూ ఉంటుందని తేలింది. 16 జీబీ ఉంటే ఊపిరి ఆడుతుంది. 32 కావలసినవారు ఉంటారు, కానీ బడిపిల్లలకు ఆ తొందర లేదు. డెస్క్‌టాప్‌లో ర్యామ్ తర్వాత చేర్చుకోవచ్చు. ఖాళీ స్లాటు ఒకటి మిగిలేటట్టు పెట్టమని ముందే అడగండి.

ర్యామ్ నిండిపోతే ఏమవుతుంది? కంప్యూటరు మిగిలిన అంకెలను డిస్కు మీద పెట్టి, కావలసినప్పుడల్లా తెచ్చుకుంటుంది. ర్యామ్‌లోంచి ఒక అంకె తేవడానికి సుమారు 100 నానోసెకన్లు పడుతుంది. తిరిగే పళ్ళెం ఉన్న పాత హార్డ్ డిస్కులోంచి తేవడానికి సుమారు 10 మిల్లీసెకన్లు. రెండింటికీ తేడా లక్ష రెట్లు! మీ బల్ల మీది పుస్తకం అందుకోవడానికి ఒక సెకను పడుతుందనుకుంటే, హార్డ్ డిస్కులోని పుస్తకం రావడానికి 27 గంటలు దాటుతుందన్నమాట. అదే ఎస్.ఎస్.డి. అయితే పావుగంట చిల్లర. అందుకని విండోస్‌నూ, ప్రస్తుతం దిద్దుతున్న ఫోటోలనూ ఎస్.ఎస్.డి.లో పెట్టుకోవాలి. పాత రకం హార్డ్ డిస్కును చులకన చెయ్యనక్కరలేదు. పని అయిపోయిన ఫోటోల నకళ్ళు దాచడానికి అది చవకైన అటక.

నకళ్ళు అన్నాను కదా, ఇది దాటవెయ్యకండి. అమ్మమ్మ పెళ్ళి ఫోటో ట్రంకుపెట్టెలో యాభై ఏళ్ళు ఏ కరెంటూ లేకుండా బతికింది. డిస్కులోని ఫోటో అలా బతకదు. డిస్కు ఏదైనా సరే, ఏదో ఒకనాడు చెప్పకుండా ఆగిపోయే వస్తువే. రెండు వేరువేరు డిస్కుల మీద, వీలైతే ఒకటి వేరే ఇంట్లో, అదే ఫోటో ఉండాలి. నన్నడిగితే ప్రాసెసరులో ఒక మెట్టు తగ్గించుకునైనా రెండో డిస్కు కొనమంటాను.

ప్రాసెసరుకు పని లేదని కాదు. ఒక చిత్రం చెబుతాను వినండి. కెమేరాలోని ఒక్కొక్క చుక్క ఒక్క రంగునే కొలుస్తుంది! 1976లో కొడాక్ కంపెనీ శాస్త్రజ్ఞుడు బ్రైస్ బేయర్‌కు పేటెంటు వచ్చిన అమరిక ఇది. సగం చుక్కల మీద ఆకుపచ్చ వడపోత, పావువంతు మీద ఎరుపు, పావువంతు మీద నీలం. మన కన్ను ఆకుపచ్చ ప్రాంతంలోనే సూక్ష్మమైన తేడాలు బాగా పట్టుకుంటుంది కాబట్టి దానికి సగం వాటా. అంటే మీ ఫోటోలోని 7 కోట్ల 20 లక్షల అంకెల్లో కెమేరా నిజంగా కొలిచినవి 2 కోట్ల 40 లక్షలే. మిగతావన్నీ పక్క చుక్కలను చూసి లెక్కకట్టినవి. ముడి ఫోటోను కంప్యూటరులో తెరిచినప్పుడు ఈ లెక్క కట్టేది ప్రాసెసరే. ఈ లెక్కను ముక్కలుగా పంచవచ్చు. నాట్లకు నలుగురు దిగితే మడి నాలుగోవంతు వేళలో అయిపోయినట్టు, ప్రాసెసరులో ఎక్కువ కోర్లు ఉంటే వంద ఫోటోలు త్వరగా తయారవుతాయి. కానీ బ్రష్షుతో ఒక మచ్చ తుడిచేటప్పుడు కోర్లన్నీ పనికి దిగవు. సన్నని బావిలో ఒకసారికి ఒక్కడే దిగి తవ్వాలి కదూ! కాబట్టి కోర్ల సంఖ్య చూసి మురిసిపోవద్దు. కొత్త తరం మధ్యరకం ప్రాసెసరు ఏదైనా మీ పని చేసిపెడుతుంది.

గ్రాఫిక్సు కార్డు విషయంలో కొందరు నాతో ఒప్పుకోరు. మసక వెలుతురులో తీసిన ఫోటోల్లో రవ్వరవ్వగా కనిపించే మచ్చలను కృత్రిమ మేధతో తొలగించే సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు వచ్చాయి, అవి మంచి కార్డు ఉంటే క్షణాల్లోనూ, లేకపోతే నిమిషాల మీదా పని చేస్తాయని వారంటారు. నిజమే. రోజుకు వందల కొద్దీ పెళ్ళి ఫోటోలు ఇవ్వవలసిన స్టూడియోవారికి ఆ నిమిషాలు డబ్బులు. మీకు నెలకు పది ఫోటోలైతే ఆ కాసేపట్లో మంచినీళ్ళు తాగి రండి. రంగులు సరిచెయ్యడం, కత్తిరించడం, మచ్చలు తుడవడం వంటి పనులకు ప్రాసెసరులోనే ఇమిడి ఉన్న గ్రాఫిక్సు సరిపోతుంది. అన్నట్టు, ఒక రహస్యం. "ఫోటో ఎడిటింగ్ కోసం" అని ఇంట్లో చెప్పి, పెద్ద గ్రాఫిక్సు కార్డు అడిగే పిల్లలు నాకు తెలుసు. వాళ్ళకు కావలసినవి ఆటలు. ఆటలు ఆడటం నేరమేమీ కాదు. ఆ మాటే నాన్నగారితో చెప్పండి. డబ్బు ఆయనది, దేనికి ఖర్చవుతోందో ఆయనకు తెలియాలి.

ఇంత సామగ్రి అందరికీ అక్కరలేదన్నదీ చెప్పాలి. మీ పనంతా పాత ఫోటోలను బాగుచెయ్యడమే అనుకోండి. 4 అంగుళాలు, 6 అంగుళాలు ఉన్న ఫోటోను అంగుళానికి 600 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే 2400, 3600 చుక్కలు. 86 లక్షల 40 వేలు. రంగుల్లో స్కాన్ చేసినా సుమారు 26 మెగాబైట్లే! నలుపు తెలుపు ఫోటో అయినా రంగుల్లోనే స్కాన్ చెయ్యండి. పసుపు మరక నీలి కాంతిని మింగేస్తుంది, ఎరుపు కాంతిని పెద్దగా మింగదు. అందుచేత నీలం పట్టికలో నల్లటి మచ్చగా కనిపించే మరక, ఎరుపు పట్టికలో చాలావరకు మాయమైపోతుంది. ఎరుపు పట్టిక ఒక్కటే ఉంచుకుంటే సగం పని తుడవకుండానే అయిపోయినట్టు. ఇది చెయ్యడానికి ఆరేడేళ్ళ పాత కంప్యూటరైనా చాలు.

పాత కంప్యూటర్లు ఇప్పుడు చవకగా దొరకడానికి ఒక కారణం ఉంది. 2025 అక్టోబరు 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ తన మామూలు మద్దతును ఆపివేసింది. విండోస్ 11 ఎక్కని యంత్రాలను ఆఫీసులు వదిలించుకుంటున్నాయి. వాటిలో లినక్స్ వేసుకుంటే గింప్, డార్క్‌టేబుల్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు హాయిగా నడుస్తాయి. గింప్‌ను మొదలుపెట్టింది బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న ఇద్దరు విద్యార్థులు. 1996 నుంచి అది అందరికీ అందుబాటులో ఉంది. అలా మిగిలిన డబ్బుతో మంచి ఐ.పి.ఎస్. మానిటరు కొనుక్కున్నవాడు, కొత్త పెట్టె కొని గుడ్డి తెర తగిలించుకున్నవాడికంటే మంచి ఫోటోలు దిద్దుతాడని నేను పందెం కాస్తాను.

ఫోను చాలదా అంటారా? నలుగురికి పంపే ఫోటోకు చాలు. కానీ ఫోను తెర ఎండలో ఒకలాగా, గదిలో ఒకలాగా తనంతట తానే వెలుగు మార్చుకుంటుంది. రాత్రి అయితే కంటికి హాయిగా ఉండాలని కొన్ని పసుపు కూడా పులుముకుంటాయి. చాలా ఫోన్లు రంగులను ఉన్నదానికంటే ముదురుగా చూపిస్తాయి. అటువంటి కొలబద్దతో సరుకు తూచలేము. డెస్క్‌టాప్ తెర ఒకేచోట, ఒకే వెలుతురులో, ఒకే ఎత్తులో కదలకుండా ఉంటుంది. నా దృష్టిలో దాని గొప్ప అదే.

బిల్లులో ఒక యూ.పీ.ఎస్. కూడా చేర్పించండి. ఫోటో డిస్కు మీదకు ఎక్కుతూ ఉండగా కరెంటు పోతే ఆ ఫైలు పాడైపోవచ్చు. ఇంట్లో మూడు రంధ్రాల సాకెట్టుకు నిజంగా ఎర్తు ఉందో లేదో ఎలక్ట్రీషియను చేత చూపించండి. మూడో పిన్ను విరిచేసి రెండు రంధ్రాల్లో దూర్చే పని మాత్రం ఎవరినీ చెయ్యనివ్వకండి.

షాపుకు వెళ్ళేముందు ఒక పెన్‌డ్రైవులో మీరు తీసిన మూడు ఫోటోలు వేసుకోండి. ఒకటి తెల్లని యూనిఫారం చొక్కా, పగటి నీడలో తీసినది. రెండోది మీరు రోజూ చూసే మనిషి ముఖం, అమ్మదైతే మరీ మంచిది. మూడోది పొద్దుగూకినప్పటి ఆకాశం. షాపువాడు చూపించే చిలకలూ జలపాతాలూ ఏ తెర మీదైనా బాగుంటాయి, వాటి అసలు రంగు మీకు తెలియదు కనుక. ఒకే ధరలో ఉన్న రెండు మూడు మానిటర్ల మీద మీ ఫోటోలు పెట్టించండి. చొక్కా నీలంగా ఉందా, ఎర్రబారిందా? అమ్మ ముఖం అమ్మ ముఖంలా ఉందా? ఆకాశంలో మెట్లు కనిపిస్తున్నాయా? తర్వాత ఎడమపక్కకు జరిగి చూడండి, కుడిపక్కనుంచి చూడండి, గొంతుకూర్చుని కిందనుంచి చూడండి. షాపువాడు విసుక్కుంటే, ఆ వీధిలో ఇంకో షాపు ఉండనే ఉంటుంది.